తగ్గింపు వద్దన్న బేరం

ఆ ఆదివారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: పాత కారు అమ్మగా వచ్చిన డబ్బు, అందులో నలభై వేలు లాభం. ఒక చెక్కు పుస్తకం. టైల్సూ వాష్‌బేసిన్లూ అమ్మి అమ్మి ఒంటబట్టించుకున్న బేరం విద్య. నాతో మాట్లాడని భార్య.

మొదటి మూడూ సరిగ్గా వాడుకుంటే, నాలుగో దాన్ని సాయంత్రానికల్లా దారికి తెచ్చుకోవచ్చని నా అంచనా.

"నాన్నా, ఎన్నింటికి బయల్దేరాలని అమ్మ అడుగుతోంది," అంది మా అమ్మాయి.

మా ఆవిడ వంటగదిలో ఉంది. నేను హాల్లో ఉన్నాను. మధ్యలో గుమ్మానికి ఆనుకుని అమ్మాయి. ఎవరి మాట వాళ్ళకి స్పష్టంగా వినబడుతూనే ఉంది. అయినా వారం రోజులుగా మా ఇంట్లో మాటలన్నీ ఆ పిల్ల మీదుగానే అటూ ఇటూ వెళ్తున్నాయి.

"పదింటికని చెప్పు."

"పదింటికట అమ్మా."

"కారు అమ్మే రోజున కూడా ఇలాగే ముందుగా చెప్పుంటే బావుండేదని చెప్పు," అంది మా ఆవిడ లోపల్నుంచి.

అమ్మాయి నా వైపు చూసింది. "ఇది నేను మళ్ళీ చెప్పాలా, వినబడిందా?"

"వినబడింది. కొత్తది కొంటున్నాను కదా, ఇంకా ఎందుకీ సాగదీత అని అడుగు."

"ఆ పాత కారులో ఉండిపోయిన మా అక్క నడుము దిండు కూడా కొత్తది కొంటారా అని అడుగు."

అమ్మాయి ఈసారి ఏమీ మోయలేదు. బూట్లు వేసుకుని బయటికి పోయింది.

జరిగింది ఇంతే. సోమవారం షాపుకి ఒక కాంట్రాక్టరు బాత్రూం టైల్సు చూడ్డానికి వచ్చాడు. బయట నిలబెట్టిన మా ఆవిడ కారు ఆయనకి నచ్చింది. రెండేళ్ళ క్రితం, ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర దాన్ని చవగ్గా పట్టాను. కాంట్రాక్టరు నేను కొన్న ధర మీద నలభై వేలు ఎక్కువిస్తానన్నాడు. ఎదురుగా నిలబడి ఎక్కువ ఇస్తానన్నవాణ్ణి వెనక్కి పంపడం నాకు చేతకాదు. ఆ టైంలో మా ఆవిడ వెనక గోడౌన్లో ఎవరికో టైల్సు రంగు సరిచూస్తోంది. పిలిస్తే మాట పెరుగుతుంది, మాట పెరిగితే వాడి మనసు మారుతుంది. అందుకని పిలవలేదు. నా పేరనే ఉన్న బండి కదా, నా దగ్గరున్న రెండో తాళం ఇచ్చేశాను. ఆవిడ చేతిలో తాళంతో బయటికొచ్చేసరికి అక్కడ నేల మీద నూనె చుక్క మాత్రమే ఉంది.

వాళ్ళ అక్కకి, అంటే మా వదినకి, మోకాలి ఆపరేషను అయింది. మొగుడు లేని మనిషి, ఒంటరిగా ఉంటుంది. వారానికి రెండుసార్లు ఆమెని ఆసుపత్రికి మా ఆవిడే ఆ కారులో తీసుకెళ్ళేది. ఈ వారం ఒకసారి ట్యాక్సీవాడు సందు చివరే ఆపేసి లోపలికి రానన్నాడట. వదిన అక్కడిదాకా నడవలేక ఇంట్లోనే ఉండిపోయింది. అదంతా నా ఖాతాలో రాశారు.

*

షాపు డెలివరీ వ్యానులో ముందు సీటు మీద ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మధ్యలో అమ్మాయి.

"అమ్మకి చెప్పు. లోపల ఏది చూసినా బావుందని నోరు జారకూడదు. నేను గొంతు సవరించుకోగానే వద్దు పదండని లేవాలి. ఎప్పటిలాగే."

అమ్మాయి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. ఇంటి స్థలం దగ్గర్నుంచి బట్టల బీరువా దాకా మేం కొన్నవన్నీ ఆ గొంతు సవరింపుతోనే కొన్నాం. నేను దగ్గుతాను. ఆవిడ లేస్తుంది. ఆవిడ లేస్తే అమ్మేవాడి గుండె జారుతుంది. మా షాపులో మాత్రం ఇది తిరగేసి ఉంటుంది. నేను రేటు చెప్పి బిగుసుకు కూర్చుంటాను. ఆవిడ పక్కనుంచి, "పాపం కొత్తిల్లు కట్టుకుంటున్నారండీ, కాస్త చూడండి," అని జాలిపడుతుంది. ఆ జాలి ఎంత దాకా పోవచ్చో పొద్దున్నే ఇద్దరం కూర్చుని అనుకునేవాళ్ళం.

షోరూం తలుపు దానంతటదే తెరుచుకుంది. చల్లగాలీ, కొత్త రబ్బరు వాసనా ఒక్కసారి మొహాన కొట్టాయి. నేల మీద టైల్సు చూశాను. మంచి సరుకే కానీ, అంచులు సరిగ్గా కలపలేదు.

సేల్సు మనిషి ఎదురొచ్చాడు. ముప్ఫై దాటి ఉంటాయి. నవ్వు ముందు, మనిషి వెనక. మొహాన ఆ నవ్వు చెరగడం ఆ రోజంతా నేను చూడలేదు కాబట్టి వాణ్ణి నవ్వులాయన అనుకున్నాను.

"రండి సర్, రండి మేడం. కారు ఎవరి కోసం?"

"ఇంటి కోసం," అన్నాను.

"నా కోసం," అంది మా ఆవిడ, అదే క్షణంలో.

నవ్వులాయన చూపు నా మీంచి ఆవిడ మీదికి, ఆవిడ మీంచి మా ఇద్దరి మధ్య నిలబడ్డ అమ్మాయి మీదికి పోయింది. వాడు ఎంత తెలివైనవాడో నాకు అప్పుడే తెలిసింది. షాపుకొచ్చిన మొగుడూ పెళ్ళాల మధ్య సందు ఎక్కడుందో మొదటి నిమిషంలో పట్టుకున్నవాడే అమ్మకందారు. ఆ సందులోంచే నేను కూడా బోలెడు సరుకు తోలాను.

ముందు అన్నిటికంటే ఖరీదైన బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. మేమూ అంతే, ఇటలీ రాయి ముందు చూపించి, తర్వాత మామూలు టైల్సు దగ్గరికి తెస్తే అవి చవగ్గా కనబడతాయి.

"దీని సంగతి వద్దులే బాబూ," అన్నాను. "మేం కొనేది చూపించు."

"చూస్తే తప్పేముంది సర్? చూడ్డానికి డబ్బులడగం."

"చూసినందుకే కదయ్యా తర్వాత డబ్బులు కట్టేది."

వాడు పెద్దగా నవ్వాడు. మా ఆవిడ మాత్రం వెనక వరసలో ఉన్న చిన్న బండి దగ్గర ఆగింది. గేర్లు మార్చే పని లేనిది. తలుపు తీసి సీటు ఎత్తు చూసింది. మోకాలు వంచకుండా ఎక్కి కూర్చోవచ్చా అని పక్క సీట్లో తనే ఎక్కి దిగి చూసింది. రెండుసార్లు.

"అత్యద్భుతమైన సెలక్షన్ మేడం! ఒకసారి నడిపి చూస్తారా? లైసెన్సు ఇవ్వండి, జిరాక్సు తీసి ఇచ్చేస్తా."

"లైసెన్సు దేనికి? చూస్తే చాలదూ?" అన్నాను.

"రూలు సర్."

ఆవిడ సంచిలోంచి తీసి ఇచ్చేసింది. అది లోపలి గదిలోకి పోయింది. ఇక బేరం తెగేదాకా బయటికి రాదు. నేనూ కస్టమరు తెచ్చిన ఇంటి ప్లాను కాయితాన్ని టేబులు మీద పరిచి, దాని పైన అద్దం పెట్టేస్తాను. తమ ఇల్లు నా అద్దం కింద ఉండగా లేచి పోవడానికి మనుషులకి మనసొప్పదు.

*

ఆవిడ నడిపింది. నవ్వులాయన పక్కన, నేనూ అమ్మాయీ వెనక. మలుపు దగ్గర ఆవిడ బండిని ఎంత మెత్తగా తిప్పిందంటే ఒళ్ళు కదల్లేదు. యాభైకి దగ్గర పడుతుండగా నేర్చుకున్న డ్రైవింగు. పరీక్షలో రెండుసార్లు తప్పింది. మూడోసారి పాసైన రోజున షాపులో అందరికీ కాఫీలు తనే పోసింది.

"చాలా బావుంది," అంది.

పోయింది. ఆ ఒక్క మాటతో కనీసం పదివేలు పోయాయి. అమ్మాయి మోచేతిని నొక్కాను. అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మేడం నడుపుతుంటే నాకు నిద్రొచ్చేలా ఉంది, అంత స్మూత్‌గా ఉంది," అన్నాడు నవ్వులాయన.

మా ఆవిడ నవ్వింది. వారం తర్వాత ఆ నవ్వు చూశాను. అదీ అద్దంలో.

తిరిగొచ్చి టేబులు దగ్గర కూర్చున్నాం. వాడు కారు ధర చెప్పలేదు. "నెలకి ఎంతైతే సౌకర్యంగా ఉంటుంది సర్?" అన్నాడు.

"నెల సంగతి తర్వాత. మొత్తం ఎంతో చెప్పు."

"నెలకి చూస్తే అసలు తెలియదు సర్."

"తెలియకూడదనే కదా నెలకి చెప్తావు. మొత్తం చెప్పు బాబూ."

అప్పుడు కాయితం మీద రాశాడు. బండి ధర. దాని కింద ఇన్సూరెన్సు, వాళ్ళ దగ్గరే చేయించాలి. దాని కింద అడుగు భాగానికి తుప్పు పట్టకుండా పూత. సీటు కవర్లు. మ్యాట్లు. అదనపు వారంటీ. చివర్న చిన్న అక్షరాల్లో 'నిర్వహణ ఛార్జీ'.

"ఏం నిర్వహిస్తారు?"

"అంటే... పేపర్లూ అవీ సర్."

"నిర్వహణ ఈ నవ్వుకా?"

అమ్మాయికి నవ్వొచ్చింది. నాకు ఊపిరి తిరిగింది. ఒక్కొక్కటే కొట్టేయడం మొదలుపెట్టాను. వాడు మేనేజర్ని అడిగొస్తానని గాజు గదిలోకి వెళ్ళాడు. లోపల ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, మేనేజరు తల అడ్డంగా ఊపుతున్నాడు. క్రికెట్ స్కోరు మాట్లాడుకుంటున్నా అలాగే ఊపాలి, అది పద్ధతి. వాడు తల వేలాడేసుకుని, నవ్వు మాత్రం అలాగే ఉంచుకుని వచ్చాడు.

"సర్, మీ కోసం పోట్లాడాను. పన్నెండు వేలు తగ్గిస్తామంటున్నారు. కానీ ఈ రోజే. ఇంకో పార్టీ ఇదే రంగు కోసం దార్లో ఉన్నారు."

"ఆ పార్టీ నాకు బాగా తెలుసు," అన్నాను. "చాలా ఏళ్ళు నా షాపు దార్లోనే ఉండేవాళ్ళు. ఎప్పుడూ చేరలేదు."

వాడు నిజంగా నవ్వాడు ఈసారి. "ఏ వ్యాపారం సర్ మీది?"

చెప్పలేదు. ఇక సమయం వచ్చింది. నా లెక్క తేటగా ఉంది. పాత కారు డబ్బుకి కొంచెం అప్పు కలిపితే బండి వస్తుంది. మా ఆవిడ పేరన బ్యాంకులో వాళ్ళ నాన్న ఇల్లు అమ్మిన వాటా ఉంది, దాని జోలికి పోకూడదు. అది రెండో గోడౌనుకి. గోడౌను ఓనరుకి మాట కూడా ఇచ్చేశాను. ఆవిడకి ఇంకా చెప్పలేదు, అంతే.

గొంతు సవరించుకున్నాను.

మా ఆవిడ టేబులు మీది రంగుల కార్డు తిరగేస్తోంది.

మళ్ళీ సవరించుకున్నాను, కాస్త గట్టిగా.

నవ్వులాయన లేచి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు తెచ్చాడు. "తీసుకోండి సర్. ఏసీ పడనట్టుంది."

"మీ నాన్నకి దగ్గు మందు కావాలేమో కనుక్కో," అంది మా ఆవిడ, కార్డు మీంచి తలెత్తకుండా.

అమ్మాయి నా మొహం చూడలేదు. నేనే లేచాను. "వద్దు బాబూ. ఇంకో రెండు చోట్ల చూసొస్తాం. లైసెన్సు ఇప్పించు."

"ఉండనీ," అంది ఆవిడ. నాతో కాదు, వాడితో.

నేను నడిచాను. లేచాక కూర్చోవడం ఉండదు. గేటు దాటేలోపు వెనక నుంచి పిలుపు రావాలి, వస్తుంది, రాకపోతే వాడు వ్యాపారస్తుడే కాదు. వ్యాను దగ్గర నిలబడి కూడా వెనక్కి చూడలేదు. అంతలో అడుగుల చప్పుడు. నవ్వులాయన పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"చెప్పు," అన్నాను. "ఎంతకి దిగాడు మీ మేనేజరు?"

"కళ్ళజోడు మర్చిపోయారు సర్," అని నా చేతిలో పెట్టి, మళ్ళీ లోపలికి పరుగెత్తాడు.

*

నేను లోపలికి వెళ్ళేసరికి మేనేజరే టేబులు దగ్గర కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ చెక్కు మీద సంతకం చేస్తోంది. ఆ చెక్కు నాది కాదు. ఆవిడది.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నాను.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "సర్, నేను ముప్ఫై వేల దాకా తగ్గిస్తానన్నాను. మేడం తీసుకోలేదు. ఇన్నేళ్ళలో తగ్గించొద్దన్న కస్టమర్ని నేను చూళ్ళేదు."

నాకు మొదట అర్థం కాలేదు. "తీసుకోకపోవడం ఏంటి?"

"రాసిన ధరకే తీసుకున్నాను," అంది మా ఆవిడ. వారం తర్వాత సూటిగా నాతో అన్న మొదటి మాట అది. "కాయితం మీద ఉన్నవన్నీ."

"పూత కూడానా?"

"పూత కూడా."

"మ్యాట్లు? బయట సగానికి వస్తాయి!"

"అవీ."

"నిర్వహణ ఛార్జీ..."

"అదీ. నవ్వుకి కూడా కట్టాను."

"నీకేమన్నా పిచ్చా? ముప్ఫై వేలు ఊరికే ఇస్తున్నవాడి దగ్గర వద్దంటావా? పాతికేళ్ళు నా పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇదా?"

"ఇదే." కలం మూత పెట్టి మేనేజరుకి ఇచ్చేసింది. "ఆ బండి మీరు చవగ్గా కొన్నారు. అందుకే అమ్మేశారు. చవగ్గా కొన్నది ఏదైనా మీ చేతిలో ఆగదు. ఎవడో ఒకడొచ్చి నాలుగు డబ్బులు ఎక్కువిస్తానంటాడు, మీరు తాళం ఇచ్చేస్తారు. దీనికి ఎవడూ ఎక్కువివ్వడు. గేటు దాటగానే నష్టం. దీన్ని ఎవరికి అమ్మినా నష్టమే."

"నీ పేరన రాయించుకుంటే సరిపోదా? దానికి ఇంత డబ్బు తగలెయ్యాలా?"

"పేరు చూసి మీరు ఆగరు. ఇక్కడో సంతకం పెట్టమంటారు, నేను పెడతాను, ఎప్పటిలాగే. నష్టం చూస్తే ఆగుతారు."

లోపల గబగబా కూడుతున్నాను. కొత్త బండి ఒక్క రోజు తిరిగితే ఎంత పోతుంది, పూతకి ఎవడూ పైసా ఇవ్వడు, కవర్లకి ఇవ్వడు. ఎటు నుంచి కూడినా ఆవిడ లెక్కే వస్తోంది.

"గోడౌనుకి నేను మాటిచ్చాను," అన్నాను చివరికి.

"తెలుసు. ఓనరు భార్య మొన్న షాపుకొచ్చి నాకు థాంక్స్ చెప్పి వెళ్ళింది. ఏంటో తెలియక నేనూ నవ్వాను."

అమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

నవ్వులాయన అట్టతో చేసిన పెద్ద తాళం పట్టుకొచ్చాడు. ఫొటో తీయాలట. "సర్, మీరు మధ్యలో రండి."

"ఆయన కొనలేదు బాబూ," అంది మా ఆవిడ. "తోడొచ్చారు."

ఫొటోలో తల్లీ కూతుళ్ళు ఇద్దరే పడ్డారు.

"డెలివరీ గురువారం మేడం. ఇంటి దగ్గరికే తెచ్చి ఇస్తాం. అడ్రసు ఇదే కదా?"

"కాదు," అని ఆవిడ మా వదిన ఇంటి అడ్రసు చెప్పింది. సందు పేరు, పక్కనున్న మందుల షాపు గుర్తు, గేటు రంగు, అన్నీ నిదానంగా చెప్పింది. వాడు రాసుకున్నాడు.

*

తిరుగు దారిలో మళ్ళీ ముగ్గురం వ్యాను ముందు సీట్లో. మా వదిన సందు దగ్గరికొచ్చేసరికి ఆవిడ అమ్మాయితో అంది:

"ఇక్కడ ఆపమని చెప్పు."

ఆపాను. ఆవిడ దిగింది. చేతిలో మామూలుగా షాపుకి తెచ్చుకునే సంచే. కానీ ఇప్పుడు చూస్తే అది నిండుగా ఉంది. పొద్దున్నుంచీ నా పక్కనే ఉన్న సంచి, ఎంత నిండిందో నేను చూడనే లేదు.

"రాత్రికి వస్తావా?" అన్నాను. అమ్మాయి మీదుగా కాకుండా, నేరుగా.

ఆవిడ వ్యాను తలుపు మెల్లగా వేసింది. "పడిందా?" అని అమ్మాయిని అడిగింది. అమ్మాయి తలూపింది. ఆవిడ సందులోకి నడిచింది.

"నాన్నా," అంది అమ్మాయి. "రేపు ఆ హోటలు వాళ్ళు వస్తున్నారు కదా, మూడు అంతస్తులకీ టైల్సు ఖాయం చేసుకోవడానికి. అమ్మ లేకపోతే ఎవరు తగ్గిస్తారు?"

నేను బండి స్టార్టు చేశాను.

మనిషన్నాక రోజు చివర లెక్క చూసుకోవాలి. చూసుకున్నాను. నేను ఒక కారు అమ్మాను, దాని మీద నలభై వేలు లాభం వచ్చింది. ఆ రోజు నా జేబులోంచి ఒక్క పైసా ఖర్చు కాలేదు. అప్పు చెయ్యలేదు. ఇంకో కారు కొనాల్సిన పని నాకిక లేదు. ఎవరు కూడినా ఇది లాభమే. రేపు హోటలు వాళ్ళకి నేను రేటు చెప్పి బిగుసుకు కూర్చుంటాను. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఇంత వ్యాపారం చేసినా నాకు తెలియదు.